లచ్చవ్వ చెప్పిన స్తోత్రం

మంథని నుంచి పెద్దపల్లి పోయే బస్సు ఒక్క క్షణం ఆగి, కండక్టరు విసుక్కునేలోపు దిగాల్సిన ఊరు అది. ఆ ఊళ్లో ఆదివారం గురువారం నాడు వస్తుంది. నవ్వకండి, ఉన్నమాటే. మెథడిస్టు మిషను వాళ్లు ఎప్పుడో కట్టించిన మందిరం ఉంది కానీ, దానికి సొంత పాదిరి లేడు. దేవదాస్ అయ్యగారికి చేతినిండా ఊళ్లు, కిందికి ఒకే ఒక్క మోటారుసైకిలు. ఆదివారాన్ని పెద్ద ఊళ్లు ముందే పంచేసుకున్నాయి. ఈ ఊరి వంతుకు గురువారం మధ్యాహ్నం మిగిలింది. దేవుడికి లేని పట్టింపు మనకెందుకని ఊరు సర్దుకుంది.

ఆ గురువారాల్లో జనం వాక్యం కోసం ఎంత వచ్చేవాళ్లో తెలియదు కానీ, మనవుల వేళ కోసం మాత్రం పొలం పని ఆపుకుని మరీ వచ్చేవాళ్లు. వాక్యం అయిపోగానే అయ్యగారు పుస్తకం మూసి, "మనవులున్నోళ్లు లేవుండ్రి" అంటాడు. ఒక్కొక్కరే లేచి, దేవుణ్ణి ఏం అడగదలుచుకున్నారో అందరి ముందూ గొంతెత్తి అడగాలి. గొణుక్కుంటే కుదరదు. ఒకామె మోకాళ్ల నొప్పులు, ఒకాయన బోరులో నీళ్లు, ఇంకొకరి కోడలికి కడుపు పండటం. అంతా అయ్యాక సంఘమంతా కలిసి ఆమేన్ అంటుంది.

దీనికొక కట్టుబాటు ఉంది. నోరు తెరిచి అడిగినవాళ్లు, అడిగింది దొరికాక నోరు తెరిచి స్తోత్రం చెప్పాలి. అది కూడా వచ్చే గురువారమే, చేతిలో ఏదో ఒక కానుకతో. కోడో, సొరకాయో, తవ్వెడు బియ్యమో. కూటం అయ్యాక ఆవరణలో వాటిని వేలం వేసి, వచ్చింది మందిరం ఖర్చుకు కలుపుతారు. దొరికినా దాచుకున్నవాళ్లకు మళ్లీ అడిగే ముఖం ఉండదని ముసలమ్మల తీర్పు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

లచ్చవ్వ ఇంటి నుంచి ప్రతి గురువారం మూడు మనవులు వెళ్లేవి. ఒకే కప్పు కింద, ఒకే కుండలో వండుకు తినే మనుషులే, కానీ ఒకరి మనవికి ఇంకొకరి మనవి పొసిగేది కాదు.

ముందు లచ్చవ్వ మరిది ఎబినేజర్ లేచేవాడు. అతనికి డీజిల్ ట్రాలీ ఆటో ఉంది. కూరగాయలు, వడ్ల బస్తాలు, పెళ్లివారు, ఏది దొరికితే అది వేసుకుని మంథనికీ పెద్దపల్లికీ తిప్పేవాడు. "ప్రభువా, డీజిల్ ధర జర కిందికి దింపు" అనేవాడు. ట్రాక్టర్లున్న రైతులందరూ అతని వెనక గట్టిగా ఆమేన్ అనేవాళ్లు.

తర్వాత లచ్చవ్వ లేచేది. కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, ఏ మొహమాటం లేకుండా అడిగేది. "ప్రభువా, నూనె ధర పైకి పెంచు. మా ఇంటాయన కొలువు నిలబెట్టు." ఈ మనవికి ఆమేన్ అనేవాళ్లు తక్కువ. గల్ఫుకు మగవాళ్లను పంపిన నలుగురైదుగురు ఆడవాళ్లు అనేవాళ్లు. మిగిలినవాళ్లు దగ్గేవాళ్లు.

"వదినా, నేను కిందికంట, నువ్వు పైకంటవు. దేవుడు ఎవలి మాట ఇనాలె?" అని ఎబినేజర్ ఇంటికి వచ్చాక ఆటపట్టించేవాడు.

"పెద్దోళ్ల మాట ఇనాలె. నేను నీకన్న పెద్దదాన్ని" అనేది లచ్చవ్వ, కంచంలో అన్నం పెడుతూ.

మూడో మనవి బుచ్చవ్వది. లచ్చవ్వ అత్త, లచ్చవ్వ భర్త మోషేకూ ఎబినేజర్‌కూ కన్నతల్లి. చివరగా గోడ పట్టుకుని లేచి, "నా పెద్దకొడుకును ఇంటికి తోలుకరా ప్రభువా" అని కూర్చునేది. ఏళ్ల తరబడి అదే మాట. వినీ వినీ సంఘానికి అది బస్సు హారను లాగా అయిపోయింది. ఆ మాటకు అందరూ ఆమేన్ అనేవాళ్లు, ఎవరూ వినేవాళ్లు కాదు.

ఎక్కడి మంథని, ఎక్కడి నూనె ధర, ఈ గొడవ లచ్చవ్వకెందుకు అంటారా. ఆమె భర్త మోషే గల్ఫులో ఒక రేవు పక్కన ముడి నూనె నిల్వచేసే ట్యాంకుల దగ్గర పనిచేసేవాడు. ఒక్కొక్క ట్యాంకులో వాళ్ల మందిరం గోపురంతో సహా మునుగుతుందట. వాటి తుప్పు గీకడం, రంగు వేయడం అతని పని. అంతకుముందు జమ్మికుంట మార్కెట్లో హమాలీ చేశాడు. పత్తి బస్తాల మీద గుర్తులు రాయడంలో మోషే చెయ్యి పేరు పడ్డ చెయ్యి. ఏడు అంకె రాస్తే దాని కాలి చివర కుక్కతోక లాగా ఒక వంపు తిప్పేవాడు. గల్ఫు పోయాక కంపెనీవాళ్లు ఒక ట్యాంకు మీద నంబరు రాయమంటే, మనిషి ఎత్తుకు మూడింతలున్న ఏడు అంకె రాసి, అలవాటు కొద్దీ దానికీ తోక తిప్పాడు. సూపర్‌వైజరు చూసుకోలేదు. దాని కింద నిలబడి ఫొటో తీయించుకుని ఇంటికి పంపాడు. "బాపు, నీ జమ్మికుంట తోక సముద్రం దాటింది" అని కూతురు ఆరాధన పడీ పడీ నవ్వింది. ఆరాధన కరీంనగర్లో హాస్టల్లో ఉండి నర్సు కోర్సు చదువుతోంది.

లచ్చవ్వకు నూనె భయం కరోనా ఏడు పట్టుకుంది. లోకమంతా తలుపులు మూసుకుంటే, నూనె అమ్మే దేశాలు మాత్రం సందు చూసి పంతానికి దిగాయి. ధర పడీ పడీ, ఒక రోజైతే నూనె పట్టుకుపొమ్మని అమ్మేవాళ్లే ఎదురు డబ్బిచ్చారని వార్త వచ్చింది. "మరి మన బంకుల ఒక్క చుక్క గూడ ఉత్తగ పొయ్యలేదేంది?" అని ఎబినేజర్ మండిపడ్డాడు. అతని ప్రశ్నకు ఇప్పటికీ జవాబు చెప్పినవాళ్లు లేరు. మోషే కంపెనీ గేటు మూసింది. జీతం లేకుండా అతను క్యాంపు గదిలో నెలల తరబడి ఎవరో దయతలచి పంచిన అన్నం తిని బతికాడు. ఫోనులో మాత్రం "మంచిగనే ఉన్న, ఫికర్ చెయ్యకు" అనేవాడు. ఆ గొంతులోని ఆకలి లచ్చవ్వకు వినిపించింది. నూనె ధర పడితే మోషే పస్తులుంటాడు అన్న ఒక్క ముక్క ఆమెకు ఆ ఏడు అర్థమైంది. అప్పటి నుంచి ఆమె మనవి మారలేదు.

ఈ ఏడు మళ్లీ ధర జారడం మొదలైంది. శుక్రవారం సెలవు నాడు మోషే ఫోను చేశాడు.

"మల్ల గా పాత కతనే లచ్చీ. సగం మందిని పంపుతరంటున్నరు."

"గీ ధర ఎందుకు పడుతదయ్యా? వాళ్లకేం పుట్టింది?"

"జమ్మికుంటల ఇద్దరు సేట్లు పంతం పట్టింది యాదికున్నదా? ఒగడు ఇంకొగణ్ణి ముంచాలని పత్తి ధర పడగొట్టిండు. వాడు అంతకన్న పడగొట్టిండు."

"ఎవలు మునిగిన్రు?"

"సేట్లు మునుగుతరా? మునిగింది మనం. గిదీ గంతే. ఇవి పెద్ద పెద్ద దేశాలు. ఎదుటోని ఖజానా ఎండాలని ఒగడు కావాలని ఎక్కువ తోడుతడు. ఇంకొగడు ఫలానోని దగ్గర కొంటే ఖబర్దార్ అని అందరిని బెదిరిస్తడు. గా వద్దన్న నూనెనే వేరేటోడు సాటుంగ సగం ధరకు కొంటడు. పడవలు పేర్లు మార్చుకొని తిరుగుతయి ఈడ."

"పడవలు పేర్లు మార్చుకునుడేంది, సిగ్గులేక!" అంది లచ్చవ్వ. మోషే పెద్దగా నవ్వాడు. ఆంబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్లు విరుగుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఈ ఆంబోతులకైతే కాళ్ల కింద దూడలున్నాయన్న సంగతే తెలియదు. తెలిసినా తమ కొమ్ములు వాడిగా ఉన్నాయా లేదా అనే చూసుకుంటాయి.

నవ్వు ఆపి మోషే అసలు మాట చెప్పాడు. "మొదటి జట్టుల పోత అని పేరిచ్చినోళ్లకు టికెట్టు కంపెనీనే ఇస్తదంట. నేనిద్దునా?"

లచ్చవ్వ వంటింటి గడప మీద కూర్చుని, ఫోనును రెండు చేతులతో పట్టుకుని ఆలోచించింది. ఆరాధన చదువు ఇంకో ఏడు ఉంది. ఇప్పుడు మోషే వచ్చేస్తే, ఆ పిల్ల చదువు మానేసి ఏ బట్టల దుకాణంలోనో నిలబడాల్సిందే. ఊళ్లో ఎందరు ఆడపిల్లలు అలా నిలబడ్డారో ఆమెకు తెలుసు.

"ఒక్క ఏడు ఆగు. పిల్ల నర్సయితది. గప్పుడు నువ్వు రా, కాలు మీద కాలేసుకొని కూసో. జర ఓపిక పట్టు."

"నాకు ఓపికున్నది గని, నా నడుముకు లేదు లచ్చీ."

"నేను దేవున్ని అడుగుత. ధర పెరుగుతది. నిన్నెవ్వలు పంపరు. సూడు."

"సరే తియ్యి. నీ దేవుడు, నీ ఇష్టం" అన్నాడు మోషే. నవ్వుతూనే అన్నాడు. పేరు ఇవ్వలేదు. ఆ జట్టు విమానమెక్కి వచ్చేసింది. అందులో జగిత్యాల వైపు వాడొకడు మోషే ఇచ్చి పంపిన సబ్బులు, బుచ్చవ్వకు కాళ్ల నొప్పుల నూనె సీసా తెచ్చి ఇచ్చి వెళ్లాడు.

లచ్చవ్వ మాట నిలబెట్టుకుంది. ప్రతి గురువారం లేచి అడిగింది. మామూలు రోజుల్లో కూడా పొయ్యి దగ్గర, కలుపు తీస్తూ, బట్టలు ఉతుకుతూ అడిగింది. ఇంతలో ఆ సముద్రంలో ఏదో ఇరుకు దారి దగ్గర పెద్ద దేశాలకు మాటామాటా పెరిగింది. ఒక దేశం యుద్ధ నౌకలు తెచ్చి నిలబెట్టింది. ఇంకొక దేశం ఆ దారే మూసేస్తానంది. ధర మెల్లమెల్లగా ఎక్కసాగింది. కంపెనీ ఇంకో జట్టును పంపే ఆలోచన పక్కన పెట్టిందని మోషే చెప్పాడు. లచ్చవ్వ నడకలోకి హుషారొచ్చింది. "వదినె ప్రార్థన మా కొంప ముంచేటట్టున్నది" అని ఎబినేజర్ బంకు దగ్గర వాళ్లతో చెప్పుకుని నవ్వేవాడు.

పెరట్లో ఒక ఎర్ర పుంజు పెరుగుతూ ఉండేది. మోషే వచ్చిన నాడు కోయాలని లచ్చవ్వ దాన్ని పిల్లప్పటి నుంచి సాకింది. చుట్టాలొచ్చినా, క్రిస్మస్ వచ్చినా దాని జోలికి పోనిచ్చేది కాదు. "గది నా మొగని కోడి" అనేది.

ఆ గురువారం పొద్దెక్కాక లచ్చవ్వ పెనం మీద మిరపకాయలు వేయిస్తూ ఉంది. ఎబినేజర్ ట్రాలీ ఆపి, చెమటలు కక్కుతూ లోపలికి వచ్చాడు.

"బంకు కాడ జాతర లెక్క ఉన్నది వదినా. తెల్లారేసరికి నూనె ధర ఆకాశానికి పోయిందంట. రేపటి సంది డీజిల్ దొరుకుతదో దొరకదో అని అందరు డబ్బాలు పట్టుకొని ఉరుకుతున్నరు."

"ఎంత పెరిగిందేంది?"

"చాన పెరిగింది. గా సముద్రం కాడ ఎక్కడనో నిప్పు పెట్టిన్రంట. నీ దేవుడు ఇయ్యాల నా దేవున్ని చిత్తుగ ఓడగొట్టిండు పో!"

నిప్పు అన్న మాట లచ్చవ్వ చెవిన పడింది. పడి, జారిపోయింది. పెరిగింది అన్న మాట మాత్రం గుండెలోకి దిగింది. చేతులు కడుక్కుని మోషేకు ఫోను చేసింది. కలవలేదు. అందులో వింతేమీ లేదు. నూనె ట్యాంకుల దగ్గరికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, పొద్దున గేటు దగ్గర ఇచ్చేసి సాయంత్రం తీసుకుంటారు. పగటిపూట అతని ఫోను ఎప్పుడూ మూగదే. సాయంత్రం చెబుదాం, ఇంక నిన్నెవరూ పంపరని చెబుదాం, అనుకుంది. తర్వాత ఆమె కళ్లు పెరట్లో పుంజు మీదికి పోయాయి.

మందిరంలో అయ్యగారు వాక్యం ముగించి పుస్తకం మూయగానే అందరికంటే ముందు లచ్చవ్వ లేచింది. కాళ్లు కట్టిన పుంజు ఆమె చంకలో ఉంది. అది అటూ ఇటూ మెడ తిప్పి సంఘాన్ని చూస్తోంది.

"ప్రభువా, నేను అడిగినట్టు నూనె ధర పెంచినవు. మా ఇంటాయన కొలువు నిలబెట్టినవు. నా బిడ్డ చదువు నిలబెట్టినవు. నీకు వెయ్యి స్తోత్రాలు."

డీజిల్ బాధితులు కూడా నవ్వు ఆపుకుంటూ స్తోత్రం అన్నారు. బుచ్చవ్వ కూడా అంది. ఆనాడు లచ్చవ్వ ముఖం చూసినవాళ్లు, ఆమె పెళ్లినాడు కూడా అంత వెలగలేదని తర్వాత చెప్పుకున్నారు.

ఆవరణలో వేలం మొదలైంది. పుంజుకు ఎబినేజర్ పాట మొదలుపెట్టాడు. "డీజిల్‌కే దిక్కులేదు, నీకు కోడెందుకురా?" అని ఎవరో ఎగతాళి చేశారు. అతను వినిపించుకోలేదు. ఎవరు పెంచినా పైమాట అంటూ పోయి, చివరికి పుంజును గెలిచి, తిన్నగా తెచ్చి వదిన చేతుల్లో పెట్టాడు.

"నీ స్తోత్రం దేవునికి ముట్టింది. కోడి మాత్రం అన్నదే. అన్న వచ్చినంక అందరం కూసొని తిందాం" అన్నాడు. లచ్చవ్వకు కళ్లనీళ్లు తిరిగాయి. మరిదైతే మాత్రం, కొడుకులాంటివాడు అనుకుంది.

అప్పుడే అతని జేబులో ఫోను మోగింది. ఆరాధన.

"చిన్నబాపూ, మా అమ్మ పక్కనున్నదా? జర దూరం పో."

అతను మందిరం వెనక గోడ వైపు నడిచాడు. లచ్చవ్వ పుంజును చంకలో పెట్టుకుని చూస్తూ ఉంది. ఎబినేజర్ వింటున్నాడు. తర్వాత ఫోను చెవి నుంచి తీసి దాని వంక చూశాడు. ఆరాధన పంపిన వీడియో అది. హాస్టల్లో అమ్మాయిలందరూ మధ్యాహ్నం నుంచి చూస్తున్న వీడియోనే. నల్లటి పొగ, పొగ కింద మంట, మంటల్లో వంగిపోయిన ఒక ట్యాంకు. దాని మీద సగం కాలిన ఏడు అంకె. ఆ అంకె కాలి చివర కుక్కతోక లాంటి వంపు. ఆ వీడియోను లోకమంతా చూసింది, కానీ ఆ తోకను గుర్తుపట్టింది కరీంనగర్ హాస్టల్లో ఉన్న ఒక్క పిల్ల.

ఎబినేజర్ గోడకు చెయ్యి ఆనించి, మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. లచ్చవ్వ దగ్గరికి పోయింది. అతని చేతిలోంచి ఫోను తీసుకుని చూసింది. చంకలోంచి పుంజు ఎప్పుడు జారిపడిందో ఆమెకు తెలియదు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆ ఇంట్లో ఎవరూ వరుసగా చెప్పలేరు. తెల్లవారుజామున ట్యాంకుల మీద ఆకాశం నుంచి ఏదో వచ్చి పడిందనీ, ఎండ ముదరకముందే రంగు పని అయిపోవాలని మోషే జట్టు అప్పటికే పైకి ఎక్కి ఉందనీ క్యాంపు నుంచి ఒకతను ఫోను చేసి చెప్పాడు. నిప్పు పెట్టిన దేశం తాను కాదంది. అవతలి దేశం నువ్వే అంది. మూడో దేశం విచారం వెలిబుచ్చి, తన నౌకలు ఇంకొన్ని పంపింది. టీవీలో నూనె ధర చూపే ఎర్ర గీత పైకి పోతూ ఉంది. ఎంత నూనె కాలిందో లెక్క చెప్పారు. ఎవరు కాలారో పేర్లు చెప్పలేదు.

పెట్టె ఒక మబ్బు పట్టిన పగటిపూట అంబులెన్సులో వచ్చింది. తెరవద్దని ముందే చెప్పారు. ఊరంతా చుట్టూ నిలబడింది. ఆరాధన పెట్టె మీద బోర్లా పడి "బాపూ బాపూ" అని ఏడ్చింది. బుచ్చవ్వను ఇద్దరు పట్టుకుని తెచ్చారు. ఆమె చేత్తో పెట్టెను ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి, "గిండ్ల ఉన్నడా నా కొడుకు?" అని అడిగింది. లచ్చవ్వ ఏడవలేదు. రాయిలా నిలబడి, మట్టి వేయమన్నప్పుడు వేసింది, ఇంటికి పదమన్నప్పుడు నడిచింది. ఏడిస్తే బాగుండునని ఆడవాళ్లు గుసగుసలాడారు.

కొన్ని వారాలు పోయాక ఆ పెద్ద దేశాలు రాజీకి వచ్చాయి. ఏదో చల్లని ఊళ్లో, పూలు పెట్టిన బల్ల దగ్గర కూర్చుని, చేతులు కలిపి ఫొటోలు దిగారు. ఇరుకు దారి తెరుచుకుంది. నూనె ధర మునుపటి కంటే ఇంకా కిందికి దిగింది. డీజిల్ దిగుతుందట అని బంకు దగ్గర ఎబినేజర్ చెవిన పడింది. అతను ట్రాలీని వేపచెట్టు కింద ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ గురువారం మనవుల వేళ స్తోత్రం చెప్పడానికి అతను లేవలేదు. ట్రాక్టర్ల వాళ్లూ లేవలేదు.

లచ్చవ్వ మందిరానికి పోవడమే మానేసింది. పుంజు మాత్రం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. కోయడానికి చేతులు రావు, అమ్మడానికి మనసు రాదు. రోజూ పొద్దున్నే గొంతు చించుకుని కూస్తుంది. ఆ కూతకు లచ్చవ్వ చెవులు మూసుకునేది.

ఒక గురువారం కూటం ముగిశాక దేవదాస్ అయ్యగారు ఇంటికి వచ్చాడు. ఎబినేజర్ కుర్చీ వేశాడు. బుచ్చవ్వ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నారు. అయ్యగారు ప్రార్థన చేయబోతే లచ్చవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యగారూ, ముందు ఒక్కటి చెప్పుండ్రి. చెప్పిన స్తోత్రం వాపస్ తీసుకొనొస్తదా?"

ఆయనకు అర్థం కాలేదు.

"నేను ఆనాడు చెప్పిన గద. కోడిని చంకల పెట్టుకొని, అందరి ముంగట, వెయ్యి స్తోత్రాలన్న. నేను గా మాటనే టైంకు ఆయన కాలిపోయి పొద్దంత అయింది. నేను దేనికి స్తోత్రం చెప్పిన అయ్యగారూ? ఆయన కాలినందుకు చెప్పిన. నాకది వాపస్ కావాలె. కోడిని తీసుకపోండ్రి, ఇంక నాలుగు కోళ్లిస్త. నా స్తోత్రం నాకు వాపస్ ఇప్పియ్యుండ్రి."

"నీకు తెల్వక చెప్పినవు లచ్చవ్వా..."

"తెల్వక చెప్పిన. గని తెలిసే అడిగిన గద! వస్త అన్నడు. నడుము నొస్తున్నది, పేరిస్త, వస్త అన్నడు. నేనే వద్దన్న. ధర పెరగాలె, నువ్వు ఆడనే ఉండాలె అన్న. పెరుగుతెనే ఉంటవన్న. ఎట్ల పెరుగుతదో నాకు తెల్వదు అయ్యగారూ. ఎవలన్న కాల్తేనే పెరుగుతదని నాకెవలు చెప్పలే."

అయ్యగారు తల దించుకున్నాడు. ఓదార్పు మాటలు ఆయనకు చాలా వచ్చు, ఎన్నో చావు ఇళ్లలో చెప్పాడు. ఆనాడు మాత్రం "నాకు తెల్వదు లచ్చవ్వా" అన్నాడు చివరికి, తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటూ. "నేను చదువుకున్న దాంట్ల గిది లేదు."

అప్పుడు మంచం కిర్రుమంది. బుచ్చవ్వ లేచి కూర్చుంది.

"ఇటు రా బిడ్డా."

లచ్చవ్వ కదలలేదు. కొడుకును రానివ్వని కోడలు, రానివ్వకుండా చేసి చంపుకున్న కోడలు. అత్త ఆ మాట ఎప్పుడంటుందా అని ఆమె ఇన్నాళ్లూ ఎదురుచూస్తూనే ఉంది. అంటే కొంత బరువు దిగుతుందని కూడా అనుకుంది.

"రమ్మంటున్న గద. నువ్వొక్కదానివే అడిగినవా? నేనడుగలే? వారం వారం గోడ పట్టుకొని లేసి, నా కొడుకును ఇంటికి తోలుకరా అన్న. ఎన్నేండ్లు అడిగిన! తోలుకచ్చిండు. పెట్టెల పెట్టి తోలుకచ్చిండు. పానంతోని తోలుకరా అని ఒక్క మాట కలుపకపోతి. గంత మాట కలుపాల్నని నాకు మాత్రం తెలుసా బిడ్డా?"

లచ్చవ్వ పోయి ఆ ముసలి మోకాళ్ల మీద తల పెట్టింది. పెట్టె వచ్చిన నాటి నుంచి లోపలే గడ్డకట్టిన ఏడుపు అప్పుడు బయటికి వచ్చింది. అత్త కోడలి తల మీద చెయ్యి వేసి తానూ ఏడ్చింది. గడప దగ్గర ఎబినేజర్ మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. అయ్యగారు చెప్పులు వేసుకుని, చప్పుడు చేయకుండా మోటారుసైకిలును రోడ్డు దాకా తోసుకుంటూ పోయి, అక్కడ స్టార్టు చేసుకున్నాడు.

ఆ ఇంట్లో ముగ్గురు అడిగారు. ముగ్గురికీ అడిగింది దొరికింది. తర్వాతి గురువారం ముగ్గురూ మందిరానికి పోయి తమ తమ చోట్లలో కూర్చున్నారు. అయ్యగారు పుస్తకం మూశాడు కానీ, మనవులున్నవాళ్లు లేవండి అని ఆనాడు అడగలేదు.